మంచం పట్టని ఇల్లు

ఎర్రగుంట వాళ్ల ఇంట్లో మగవాళ్లు మంచం పట్టరు. శింగనమల చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లలో ఈ మాట తెలియనివాళ్లు లేరు. ఆ ఇంటికి పిల్లనివ్వాలనుకున్నవాళ్లు భూమి ఎంత ఉంది, బోరులో నీళ్లు ఎంత పడతాయి అని విచారించే ముందే ఈ సంగతి ఒకరి చెవిన ఒకరు వేసుకునేవారు. ముసలి మామకు ఎత్తిపోసే పని కోడలికి తప్పుతుంది, ఆడపిల్లను ఇచ్చేవాళ్లకు అంతకంటే ఏం కావాలి? ఆ ఇంట్లో ఏ మామా ముసలివాడయ్యేదాకా బతకలేదన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. తట్టినవాళ్లు పైకి అనలేదు.

ఆ ఇంటికి ఇప్పటి పెద్ద ఆదెన్న. అతని తాత బావి దగ్గర ఎద్దులతో కపిల తోలి నీళ్లు తోడుతూ పడిపోయాడట. నాయన రామప్ప నలభై దాటీ దాటకముందే, పీకిన శనక్కాయ చెట్లు వామి వేస్తూ ఆ వామి మీదే వాలిపోయాడు. అన్న రామాంజి పడుచువాడు, పెళ్లై రెండేళ్లు కూడా కాలేదు; బడి ముందర వాలీబాల్ ఆడుతూ బంతి కోసం ఎగిరాడు, కిందికి వచ్చేసరికి ప్రాణం లేదు. ముగ్గురికీ ఊరు ఒకే మాట అంది: పుణ్యం చేసుకున్నోడు, ఒకరి చేత చేయించుకోకుండా పోయినాడు. తాత విషయంలో ఏమోగానీ, మీసం సరిగా తిరగని రామాంజి చావును మంచి చావు అనడానికి మనుషులకు నోరెలా వచ్చిందో అర్థం కాదు. వచ్చింది మరి. ఆదెన్న కూడా అన్నాడు. అనకపోతే ఆ చావును ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు.

ఆదెన్నది అనంతపురం చీనీకాయల మార్కెట్లో హమాలీ పని. తెల్లారి మొదటి బస్సుకు పోయి, లారీలకు కాయలు ఎత్తి, పొద్దు వాలాక ఇల్లు చేరేవాడు. వానలు మొహం చాటేసిన ఏడాది కాయ తగ్గేది, పని తగ్గేది. కాయ విరగకాసిన ఏడాది నడుము విరిగేది. రెండింట్లో ఏది నయమో చెప్పడం కష్టం. ఏళ్ల తరబడి అలా గడిచాక ఒక ఎండాకాలం మధ్యాహ్నం, భుజం మీద బరువుండగానే కళ్లు చీకట్లు కమ్మి లారీ పక్కన పడ్డాడు. కళ్లు తెరిచేసరికి తోటి హమాలీలు మొహాన నీళ్లు చల్లుతున్నారు. ఎండదెబ్బ అన్నారు. నిమ్మకాయ సోడా తాగించారు. ఆదెన్న లేచి లుంగీ దులుపుకుని మిగతా లోడు ఎత్తేశాడు.

వారం తిరక్కుండానే మళ్లీ పడ్డాడు. ఈసారి భార్య హనుమంతమ్మ ఊరుకోలేదు. ఈ ఇంటి గొప్ప గురించి ఊరంతా చెప్పుకుంటుంటే ఆమెకు మొదటి నుంచీ ఒళ్లు మండేది. రామాంజి పోయిన రోజు అతని పెళ్లాం గోడకానుకుని, కంట ఒక్క చుక్క రాక, శూన్యంలోకి చూసిన చూపు ఆమె మరిచిపోలేదు. పని పోతుందని మొగుడు గొణుగుతున్నా వినిపించుకోకుండా అనంతపురంలో గుండె డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది.

డాక్టరు పేరు అనుపమ. ఆదెన్నకు కూతురయ్యేంత వయసు. అతని ఎదకు చల్లటి జిగురేదో పూసి, చేతిలోని పిడిని పక్కటెముకల మధ్య ఒత్తుతూ, తెర వైపు చూస్తూ చాలాసేపు కొలతలు తీసుకుంది. తర్వాత తెరను అతని వైపు తిప్పి చూపించింది. గుండె గోడ ఒక పక్క ఉండాల్సిన దానికి రెండింతల మందంగా ఉందంది. అది బరువులు మోసినందువల్ల వచ్చింది కాదు, పుట్టుకతో రక్తంలో వచ్చింది. ఇలాంటి గుండె ఉన్నట్టుండి ఎప్పుడో లయ తప్పుతుంది, కొట్టుకోవడం మాని ఊరికే వణుకుతుంది, ఆ వణుకు ఆపేవాళ్లు లేకపోతే మనిషి అక్కడికక్కడే పోతాడు. ఇదంతా చెప్పి, ఇంట్లో ఇంతకు ముందు ఎవరైనా అలా పోయారా అని అడిగింది.

ఆదెన్నకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. ఆసుపత్రిలో అడుగుపెట్టినప్పటి నుంచి తనకు తెలిసిన సంగతి అడిగింది ఆమె ఒక్కతే. "మా ఇంట్లో మగోళ్లు మంచం పట్టరు మేడమ్," అంటూ మొదలుపెట్టి తాతనూ, నాయననూ, అన్ననూ వరసగా చెప్పుకుపోయాడు. చెబుతూ చెబుతూ ఆమె మొహం చూసి సగంలో ఆగిపోయాడు.

ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. ఒక్కో జాతివాళ్లు ఈ చావుకు ఒక్కో పేరు పెట్టుకున్నారని చెప్పింది. తూర్పున సముద్రం అవతలి దేశాల్లో దుక్కల్లాంటి మగవాళ్లు నిద్రలోనే పోయేవారట. ఏదో ఆడ దయ్యం వచ్చి మగవాళ్లను ఎత్తుకుపోతోందని, దాన్ని ఏమార్చడానికి కొన్ని పల్లెల్లో మగవాళ్లు ఆడవాళ్ల బట్టలు కట్టుకుని పడుకునేవారట. ఇంకెక్కడో ఆటగాళ్లు మైదానంలో కూలిపోతుంటే, పోటీల్లో ఆడేవాళ్ల గుండెలను ముందే పరీక్ష చేయడం మొదలుపెట్టారట. మన దేశంలో గుండె గోడను మందం చేసే ఒక మార్పు నూటికి ముగ్గురు నలుగురి రక్తంలో ఉంటుందని, చాలామందికి దానితో ఏమీ కాదని, కొన్ని ఇళ్లను మాత్రం పట్టి పీడిస్తుందని చెప్పింది. అది చాలదన్నట్టు మామూలు గుండెపోటు కూడా మనవాళ్లకు తెల్లవాళ్లకంటే పదేళ్లు ముందే వస్తోంది. ఎవరికెంత ప్రమాదమో కొలిచే లెక్కలేమో ఎక్కువగా ఆ తెల్లవాళ్లను చూసి కట్టినవి, మన ఒంటికి సరిగ్గా అమరవు. అందుకే మనం ఇంకాస్త ముందే మేలుకోవాలంది.

"వాళ్లు దయ్యమన్నారు, మీరు పుణ్యమన్నారు. రెండూ కాదు ఆదెన్నా, ఇది జబ్బు. మీ అన్నకు ముందే తెలిసుంటే బతికించుకునే దారి ఉండేది."

ఆ ఒక్క మాటతో అతని ఇంట్లో పోయినవాళ్లంతా మళ్లీ పోయినట్టయింది. ఇన్నేళ్లూ రామాంజి పుణ్యం చేసుకుని పోయాడనుకున్నాడు. కాదు, చూపించేవాళ్లు లేక పోయాడు. ఆదెన్న చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఏడ్చాడు. డాక్టరమ్మ చూడనట్టు కాగితాలు సర్దుకుంది. పోయేముందు హనుమంతమ్మను పక్కకు పిలిచి, బల్ల మీద దిండు పెట్టి, మనిషి పడిపోతే ఎద మధ్యలో రెండు చేతులతో ఎంత గట్టిగా, ఎంత వేగంగా ఒత్తాలో నేర్పించింది. నీళ్లు చల్లుతూ, సోడాలు తాగిస్తూ కూర్చోవద్దని, ఒకరు ఒత్తుతుంటే ఇంకొకరు 108కు ఫోన్ చేయాలని రెండుసార్లు చెప్పింది.

మాత్రలు మొదలయ్యాయి. బరువు ఎత్తకూడదు, పరుగెత్తకూడదు. మండీ యజమాని దయగలవాడు, గేటు దగ్గర కాపలాకు పెట్టుకున్నాడు. పొద్దంతా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవడమే పని. ఏళ్ల తరబడి బరువులు మోసినా రాని అలసట ఆ కుర్చీలో వచ్చింది. మాత్రలు గుండెను నెమ్మది చేస్తాయి, దాంతో పాటు మనిషినీ నెమ్మది చేస్తాయి. నాలుగు మెట్లెక్కితే కాళ్లు ఈడుస్తాయి, అన్నం తింటే కళ్లు మూతలు పడతాయి. "ఏమప్పా ఆదెన్నా, దొరవైపోయినావే" అని తోటివాళ్లు ఎగతాళి చేస్తే నవ్వడానికి కూడా ఓపిక ఉండేది కాదు. ఒక్కోసారి అన్నలాగా ఒక్క ఎగురు ఎగిరి పోయినా బాగుండేదనిపించేది. అలా అనిపించిన రోజు హనుమంతమ్మ మొహం చూడలేక గోడవైపు తిరిగి పడుకునేవాడు.

ఎంత నీరసమైనా డాక్టరమ్మ చెప్పిన ఒక పనిని మాత్రం వాయిదా వేయలేదు. రక్తం పంచుకుని పుట్టినవాళ్లందరినీ పరీక్షకు తీసుకురమ్మంది. ఎవరెవరిని పిలవాలన్న అనుమానమే ఆదెన్నకు రాలేదు. చావు జరిగితే ఏయే ఇళ్లకు కలిపి పది రోజుల మైల ఉంటుందో, ఏయే ఇళ్లవాళ్లు కలిసి తల గొరిగించుకుంటారో, అవే తన రక్తం. తాతముత్తాతల నుంచి మనుషులను లెక్కపెట్టుకునేది ఆ మైలతోనే. చిన్నాయన కొడుకులు, పెదనాయన మనవళ్లు, ఎప్పుడో గట్టు తగాదాలో మాటలు మానేసిన దాయాదులు, అందరి గడపా తొక్కాడు. బతిమాలాడు, తిట్టాడు. మంచి చావును ఎవరైనా ఆసుపత్రికి పోయి పోగొట్టుకుంటారా అని నవ్వినవాడికి రామాంజి పేరు ఎత్తి నోరు మూయించాడు.

జీపు మాట్లాడుకున్న రోజుకు చెల్లెలు చిన్నక్క పుట్టింట్లోనే ఉంది. పేరుకే చిన్నక్క, ఆదెన్న తర్వాత పుట్టింది. మడకశిర పక్కన పల్లెలో కేశవ అనే గొర్రెల కాపరికి ఇచ్చారు. అక్కడ ఉండి ఉండి ఆమె మాటలో సగం కన్నడమే. అన్నకు బాగాలేదని తెలిసి రాగిపిండి, నాటుకోడి పట్టుకుని వచ్చింది. ఆ రోజు చీకటితో లేచి జీపులో పోయేవాళ్లందరికీ చిత్రాన్నం చేసి పొట్లాలు కట్టింది. అందరూ ఒకరి ఒళ్లో ఒకరు అన్నట్టు ఇరుక్కుని కూర్చున్నాక, జీపు కమ్మీ పట్టుకుని సగం నవ్వుతూ అడిగింది.

"నన్ను పిల్చవా అన్నా? నేనూ రామప్ప కూతుర్నే గదా."

"నీకెందుకు మ్మా? నువ్వు ఆ ఇంటి మనిషివి. మా పది దినాల మైలే నీకు లేదు, ఇంగ మా జబ్బు యాడ అంటుకుంటాది?"

చిన్నక్క నవ్వేసి, పొట్లాలు లెక్క సరిపోయాయో లేదో చూసుకోమంది. ఆదెన్న ఆ మాట ప్రేమతోనే అన్నాడు. ఈ పీడ తగలని చోటికి చెల్లెలు ఎప్పుడో దాటిపోయిందని నిజంగానే సంతోషపడ్డాడు.

ఆసుపత్రిలో ఆ రోజు జాతరలాగే ఉంది. ఆదెన్న కొడుకు ఓబిలేష్ గుండె బాగుందని తేలింది. పెదనాయన మనవడు ఒకడికి గోడ మందంగా ఉంది, అతనికీ మాత్రలు రాశారు. ఇంకొకాయన తనకు ఏమీ లేదని తెలిసి పొంగిపోతుంటే, ఆయనను పసితనంలో పై ఊరి నుంచి దత్తత తెచ్చుకున్నారని పక్కవాళ్లు చెప్పారు. అనుపమ పరీక్ష చేస్తున్న చెయ్యి ఆపి, ఈయనను ఎందుకు తెచ్చారయ్యా అని నవ్వింది. మా మైల పడతాడు మేడమ్ అన్నాడు ఆదెన్న. ఆమెకు నవ్వు ఆగిపోయింది. నీకు అక్కచెల్లెళ్లు లేరా అని అడిగింది.

ఒక చెల్లెలు ఉందనీ, ఆమెను ఇచ్చేశామనీ చెప్పాడు.

"ఇచ్చేటప్పుడు ఆమె ఒంట్లో మీ నాయన రక్తం తీసేసుకుని ఇచ్చినారా?" అంది అనుపమ. మగవాళ్లకైనా ఆడవాళ్లకైనా ఇది సగానికి సగం వచ్చే అవకాశముందని, చెల్లెలినీ, ఆమెకు పిల్లలుంటే పిల్లలనూ వెంటనే తీసుకురమ్మని, ఈ మాట తేలిగ్గా తీసుకోవద్దని చెప్పింది.

ఆదెన్న ఇల్లు చేరేసరికి చిన్నక్క మడకశిర బస్సెక్కి వెళ్లిపోయింది. ఆమెకు ఒక్కతే కూతురు, గౌతమి. హిందూపురంలో డిగ్రీ చదువుతోంది. పోయిన నెలే ఆ పిల్లకు సంబంధం ఒకటి మాట్లాడుకున్నారు. ఇప్పుడు పుట్టింటివాళ్లు ఫోన్ చేసి, మా ఇంటి జబ్బు నీకూ నీ బిడ్డకూ వచ్చిందేమో చూడాలి అంటే ఆ ఇంట్లో ఏం జరుగుతుందో హనుమంతమ్మకు బాగా తెలుసు. తనూ ఒక ఇంటి కోడలే. రోగం మూట కట్టుకుని వచ్చిందని అత్తవైపు వాళ్లు చిన్నక్కను జన్మంతా దెప్పుతారు. గౌతమి సంబంధం మొదట్లోనే తెగిపోతుంది. మొగుడూ పెళ్లాలు ఇద్దరూ కూర్చుని, పెళ్లి కానిద్దాం, తర్వాత మెల్లగా చెబుదాం అనుకున్నారు. ఇలాంటి 'మెల్లగా'లు మన ఇళ్లలో ఎన్ని ప్రాణాలు తీశాయో ఎవరూ లెక్కపెట్టలేదు.

ఫోన్ చేయలేదని కాదు. చాలాసార్లు చేశాడు. చేసిన ప్రతిసారీ ఒకసారి అనంతపురం వచ్చిపో, డాక్టరమ్మ మంచిది, ఊరికే చూస్తుంది అనేవాడు. ఎందుకని ఆమె అడిగితే నోరు పెగిలేది కాదు. నువ్వు చచ్చిపోతావేమోనని భయంగా ఉందమ్మా అని ఏ అన్న అనగలడు? చివరిసారి మాట్లాడినప్పుడు, గుట్ట మీదికి గొర్రెలకు నీళ్లు మోసుకుపోతుంటే ఈ మధ్య ఎద పట్టేస్తోందని చిన్నక్కే చెప్పింది. గ్యాస్ అని కేశవ సోడా తెచ్చిచ్చాడట. ఆదెన్నకు చేతిలో ఫోన్ బరువెక్కింది. రేపే రమ్మన్నాడు. చేలో శనక్కాయ చెట్లు పీకడం అయిపోగానే వస్తానంది. రేపే రా అని మళ్లీ అన్నాడు గానీ, కారణం మాత్రం అప్పుడూ చెప్పలేదు.

మూడో రోజు మధ్యాహ్నం గేటు దగ్గర కుర్చీలో ఉండగా కేశవ తమ్ముడు ఫోన్ చేశాడు. చిన్నక్క చేలో శనక్కాయ చెట్లు పీకుతూ ముందుకు పడిపోయిందట. ఫిట్స్ అనుకుని చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టారట, ముక్కు దగ్గర ఉల్లిగడ్డ పెట్టారట. ఎద మీద చెయ్యి వేసినవాళ్లు లేరు. తెలిసినవాళ్లు ఉంటే కదా. జబ్బు సంగతి తెలిసిన మనిషి మూడు గంటల బస్సు దూరంలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

పెళ్లైన ఆడమనిషి మొగుడుండగా పోతే పుట్టింటి చీర వచ్చేదాకా పీనుగను లేపరు. దారిలో పెనుకొండలో బస్సు దిగి హనుమంతమ్మ పచ్చ చీర కొనింది. అంగడివాడు పెళ్లికా అని అడిగితే ఆదెన్న డబ్బు లెక్కపెట్టి బల్ల మీద పెట్టాడు.

వాళ్లు చేరేసరికి చిన్నక్కను పసుపు పూసి, పూలు పెట్టి ఇంటి ముందర పడుకోబెట్టారు. గడపలో కూర్చున్న ఆడవాళ్లు ఆదెన్నను చూసి ఏడుపు పెంచారు. ఏడుపు మధ్యలో ఒకామె అంది: ఎంత పుణ్యాత్మురాలో, ముత్తైదువుగా పోయింది, పుట్టింటి చావు తెచ్చుకుంది, ఒక్కరోజు మంచంలో పడలేదు. పక్కనున్నవాళ్లు తలలూపారు. తాతకూ, నాయనకూ, అన్నకూ ఊరు కట్టిన ఆ గొప్ప ఇప్పుడు చెల్లెలికీ దక్కింది. ఆదెన్నకు వచ్చింది ఏడుపు కాదు, కోపం. ఊరి మీదా, తన మీదా.

గౌతమి తల్లి కాళ్ల దగ్గర కూర్చుని ఉంది. పిల్ల అచ్చం రామాంజి పోలిక. ఆ పోలిక ఇన్నేళ్లు చూస్తూ మురిసిపోయాడు, ఇప్పుడు చూస్తే భయం వేసింది. ఆదెన్న కేశవను పక్కకు పిలిచి మెల్లగానే చెప్పాడు. ఇది తమ ఇంటి జబ్బు, పిల్లకు కూడా ఉండొచ్చు, అనంతపురం పంపించు. కేశవ ఏడ్చి ఏడ్చి గొంతు పోయినవాడు. ముందు అతనికి అర్థం కాలేదు. అర్థమయ్యాక మండిపడ్డాడు.

"ఇంత మంది ముందర పిల్లకు గుండె జబ్బంటావా బావా? ఆ సంబంధమోళ్లు ఈడనే కూచోనుండారు. మీ ఇంటి జబ్బు మా ఇంటి పిల్లకెందుకొస్తాది? చీర కప్పు, పొద్దు పోతాంది."

అదే మాట. జీపు కమ్మీ పట్టుకుని నిలబడిన చెల్లెలితో తను అన్న మాటే. కేశవను తప్పుపట్టే మొహం ఆదెన్నకు లేదు. అయినా చీర మడత విప్పలేదు. విప్పితే పీనుగ లేస్తుంది, పీనుగ లేస్తే పుట్టింటితో ఈ ఇంటికున్న పని తీరిపోతుంది, తర్వాత తను ఎన్ని ఫోన్లు చేసినా గౌతమిని ఎవరూ పంపించరు. ఇవన్నీ అతను నిలబడి ఆలోచించలేదు. చెల్లెలి తల దగ్గర మట్టిలో కూలబడ్డాడు, చీర ఒళ్లో పెట్టుకున్నాడు.

"పిల్లను పంపిస్తానని మాట ఇయ్యి కేశవా. ఇచ్చేదాకా చీర కప్పను."

గుంపులో గుసగుసలు లేచాయి. పీనుగ ముందర పంతమేందని ఒక పెద్దమనిషి గదమాయించాడు. నీ చెల్లెలి ఆత్మ ఘోషిస్తుందని ఇంకొకరు. ఒక ముసలామె గుప్పెడు మన్ను తీసి అతని మీద పోసింది. హనుమంతమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది గానీ, మొగుణ్ణి లేవమనలేదు.

ఆదెన్నకు ఎవరితోనూ గొడవపడే ఓపిక లేదు. గొంతు పెంచకుండా, నేలకేసి చూస్తూ చెప్పాడు.

"ఈ పిల్లకు పుట్టెంటికలు నా తొడమింద తీసినారు. చెవులు నా తొడమింద కుట్టినారు. మేనమామను నేను. నా చెల్లెలు అడిగితే నీకు రాదు పొమ్మన్నా, అందుకే ఈడ పడుకోనుండాది. ఇది పుణ్యం కాదు, మంచి సావు కాదు. నేను చెప్పకపోతే వచ్చిన సావు. తిట్టుకోండి. పిల్లను మాత్రం ఇడిసిపెట్టను."

కేశవ అరచేతులతో మొహం కప్పుకున్నాడు. సంబంధంవాళ్లు లేచి వెళ్లారో కూర్చున్నారో చూడటానికి ఆదెన్న తలెత్తలేదు. బతికున్న చెల్లెలికి ఫోన్లో చెప్పలేని మాట, ఆమె వినలేని చోట ఊరందరి ముందూ ఎంత తేలిగ్గా చెప్పగలిగాడో తలచుకుంటే అతనికి తన మీదే అసహ్యం వేసింది.

గౌతమి కాళ్ల దగ్గర నుంచి లేచి వచ్చింది. మేనమామ ముందు కూర్చుని చీర మీద చెయ్యి వేసింది. "నేనొస్తా మామా," అంది. "మా నాయన్ను అడగొద్దు. నేనే వస్తా. అమ్మకు చీర కప్పు."

ఆదెన్న కేశవ వైపు చూశాడు. కేశవ మొహం మీంచి చేతులు తీయకుండానే తల ఊపాడు. అప్పుడు చీర మడత విప్పి చెల్లెలి మీద కప్పాడు.

పెద్దకర్మ అయిన మర్నాడే గౌతమిని అనంతపురం తీసుకొచ్చాడు. అనుపమ చిన్నక్క గురించి విని తిట్టలేదు. తిట్టి ఉంటే ఆదెన్నకు కాస్త తేలికయ్యేది. పిల్లను లోపలికి తీసుకుపోయి తలుపు వేసింది. బయట బెంచీ మీద ఆదెన్న దేవుళ్లందరికీ మొక్కాడు. గుగూడు కుళ్లాయిస్వామికి నిప్పుల గుండం తొక్కుతానని మొక్కుకుని, మళ్లీ తనకు ఆ ఓపిక ఎక్కడిదని ఆ మొక్కు వెనక్కి తీసుకున్నాడు.

ఉంది. ఆదెన్న గుండె గోడంత మందం లేదు, మొదట్లోనే దొరికింది. మాత్రలు వాడాలి, ఏడాదికోసారి చూపించుకోవాలి, పరుగులూ బరువులూ వద్దు, కళ్లు తిరిగితే వెంటనే రావాలి, ముందుముందు లయ తప్పే సూచన కనిపిస్తే ఎదలో చిన్న యంత్రం పెట్టించాలి. చదువుకోవచ్చు, ఉద్యోగం చేయొచ్చు, పెళ్లి చేసుకోవచ్చు. చేసుకోబోయేవాడికి ముందే చెప్పమని మాత్రం అనుపమ గట్టిగా అంది. పిల్ల అన్నీ శ్రద్ధగా విని, ఎద మీద ఎలా ఒత్తాలో అత్తకు నేర్పించినట్టు మా నాయనకు కూడా నేర్పిస్తారా అని అడిగింది. అనుపమ తప్పకుండా నేర్పిస్తానని, తీసుకురమ్మని చెప్పింది.

బస్టాండులో మడకశిర బస్సు ఇంకా రాలేదు. ఇద్దరూ సిమెంటు బెంచీ మీద కూర్చున్నారు. ఆదెన్నకు నిద్ర ముంచుకొస్తోంది, మాత్రలు మత్తు పెట్టే వేళ అది. గౌతమి సంచిలోంచి మందుల కవరు తీసింది. మాత్రల అట్టను అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇవి ఏసుకోనుంటే అమ్మ బతికేదా మామా?"

డాక్టరమ్మే అలా గట్టిగా చెప్పలేదు. బతికే అవకాశం చాలా ఉండేదని మాత్రమే అంది. ఏమో తల్లీ, ఎవరికి తెలుసు అనొచ్చు. అంటే పిల్ల ఇంకేమీ అడగదు, తనకూ కాస్త ఊపిరి తిరుగుతుంది. ఆదెన్న నోటిదాకా ఆ మాట వచ్చింది. ఇన్నాళ్లూ ఇలాంటి మాటలే మాట్లాడాడు.

"బతికేది తల్లీ," అన్నాడు.

గౌతమి ఏడవలేదు. అట్టలోంచి ఒక మాత్ర నొక్కి తీసుకుని, మేనమామ చేతిలోని నీళ్ల సీసా అందుకుని, అక్కడే వేసుకుంది.